ఉప్పునీళ్ళ తొట్టెలో పాచి

పాచి అంటే నాకు చిన్నప్పట్నుంచీ అసహ్యం. పళ్ళమీది పాచి, నీళ్ళకుండీ లోపలి గోడకి పట్టే పాచి, వానాకాలం దొడ్లో గచ్చుమీద కాలు జార్చే పాచి, ఏదైనా సరే, వేలికి తగిలిందంటే ఆ వేలిని ఊడదీసి పక్కన పెట్టాలనిపిస్తుంది. అలాంటిదాన్ని, నలభై దాటాక, గుంటూరులో మా అపార్ట్‌మెంటు హాల్లో నిలబడి, మోచేతులదాకా పాచిలో పెట్టుకుని బతకాల్సి వచ్చింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం అదే పని. దాన్ని గురించి చెప్పేటప్పుడు ముఖం మామూలుగా పెట్టుకోవడం నాకు చేతకాదు.

మా ఆయనది మిరపకాయల వ్యాపారం. యార్డులో కమీషన్ కొట్టు. సీజన్ మొదలైందంటే పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. చొక్కా విప్పి తలుపు వెనక తగిలిస్తే చాలు, ఆ గదిలో ఉన్నవాళ్ళంతా వరసపెట్టి తుమ్ముతారు. చేతులు సబ్బుతో తోమినా, నూనె రాసి తుడిచినా ఆ ఘాటు పోదు. ఆయన అందించిన మంచినీళ్ళ గ్లాసు అంచు తగిలి నా పెదవి మండిన రోజులున్నాయి. ఒక ఏడాది సీజన్లో ధర ఎక్కడా నిలవక, ఇటు అమ్మే రైతులూ అటు కొనేవాళ్ళూ ఇద్దరూ ఫోన్లో ఈయన్నే తిట్టారు. దాంతో బీపీ వచ్చింది. డాక్టరు గారు మాత్రలు రాసి, నడవమన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, టెన్షన్ పెట్టుకోవద్దన్నారు.

ఉప్పు తగ్గించాల్సిన మనిషి ఇంటికి బకెట్లకొద్దీ ఉప్పు ఎలా వచ్చిందంటే, చీరాలలో మా ఆయనకి బట్టల షాపున్న స్నేహితుడొకాయన ఉన్నాడు. మేం చీరలు కొనడానికి వెళ్ళాం. నేను చీరలు తీయించుకుంటుంటే ఈయన పక్కన గోడవారగా ఉన్న గాజుతొట్టె ముందు కూర్చున్నారు. అది సముద్రపు చేపల తొట్టె. నీలం వెలుతురు, రాళ్ళు, రాళ్ళమధ్య రంగురంగుల చేపలు. ఫోను పక్కన మోగుతూనే ఉంది. ఈయన తీయలేదు. మోగే ఫోను తీయకుండా మా ఆయన కూర్చోవడం నా కాపురంలో నేను చూసింది అదే మొదలు. షాపాయన నవ్వుతూ, "ఒరేయ్, నువ్వు కూడా పెట్టుకోరా ఒకటి. బీపీ అదే దిగుద్ది," అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఈయన గుంటూరొచ్చిన వారంలోనే తొట్టె తెప్పించారు. ఇనుప స్టాండు మీద గాజుపెట్టె, అందులో తెల్లటి ఇసుక, బొక్కలు బొక్కలుగా ఉన్న రాళ్ళు, పైన నీలం లైటు, వేసవిలో నీళ్ళు వేడెక్కకుండా చిన్న ఫ్యాన్లు. చేపల షాపతను బకెట్లో ఉప్పుపొడి కలిపి, ఉప్పు కొలిచే గొట్టంతో చూసుకుంటూ నింపాడు. కొన్నాళ్ళు నీళ్ళు కుదురుకోనిచ్చి నారింజ రంగుమీద తెల్లచారలున్న చేపలు ఒక జంట, నీలం చేప ఒకటి వదిలాడు. తర్వాత సముద్రపు పువ్వు అని ఒకటి తెచ్చాడు. పువ్వంటే పువ్వు కాదు, అదీ ప్రాణే. రాయికి అంటుకుని, వేళ్ళలాంటివి ఆడిస్తూ, మధ్యలో నోరు తెరుస్తుంది. తినేదీ ఆ నోటితోనే, విసర్జించేదీ ఆ నోటితోనే అని అతను ఎంతో ముచ్చటగా చెప్పాడు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

పోతూ పోతూ మా ఆయన్ని అడిగాడు.

"సార్ ఏం చేస్తుంటారండీ?"

"మిరప యార్డులో కొట్టుంది."

"అయితే సార్, మీ చేతులు మాత్రం ఇందులో పెట్టకండి. సబ్బు, నూనె, సెంటు, కారం, ఏదీ తగలకూడదు. అవి తట్టుకోలేవు."

మా ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నారు. తర్వాత నావైపు చూశారు. చూసినప్పుడే నాకర్థమైంది.

"నావల్ల కాదండీ," అన్నాను.

"ఏముందే అందులో? వారానికోసారి కాస్త గాజు తుడవటమే."

మాతోపాటే ఉంటుంది మా అత్తగారు. డెబ్భై దాటినా కర్ర పట్టదు. తొట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కళ్ళజోడు సర్దుకుని, "ఇంత తొట్టెకి ఇంతింత చేపలా? పులుసుకి కూడా రావు," అంది.

మొదట్లో బాగానే ఉంది, అబద్ధం చెప్పను. సాయంత్రాలు ఈయన వచ్చి స్నానం చేసి తొట్టె ముందు కూర్చునేవారు. ఫోను బెడ్‌రూములో పెట్టి వచ్చేవారు. ఆ చారల చేపలు సముద్రపు పువ్వు వేళ్ళలో దూరి ఒళ్ళు రుద్దుకుంటుంటే చిన్నపిల్లాడిలా నన్ను పిలిచి చూపించేవారు. అది చూసి నేనూ మెత్తబడ్డాను.

తర్వాత గాజుమీద గోధుమరంగు దుమ్ములాంటిది పట్టింది. అయస్కాంతం బిళ్ళ ఒకటి ఇచ్చారు, లోపలొక ముక్క, బయటొక ముక్క. బయటి ముక్క జరిపితే లోపలి ముక్క గాజును గీకుతుంది. చేయి తడవని పని. ఇంతేనా అనుకున్నాను. ఆ గోధుమరంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. ముందు నూగులాగా, తర్వాత వెంట్రుకల్లాగా. బాత్‌రూము జాలీలో చిక్కుకున్న జుట్టు ఉండలు ఎలా ఉంటాయో, రాళ్ళనిండా అవే. నీళ్ళు కదిలినప్పుడల్లా ఆ జుట్టు మెల్లగా ఊగేది. అయస్కాంతం రాళ్ళమీద పనిచేయదు. చేత్తో పీకాల్సిందే.

రబ్బరు తొడుగులు వేసుకుని చేయి పెట్టాను. నీళ్ళు తొడుగు పైనుంచి లోపలికి దిగాయి. గోరువెచ్చగా, జిగురుగా, చేయిని ఎవరో నాకుతున్నట్టు. పీకిన ప్రతి పిలక వెంటా రాతి సందులోంచి బూడిదరంగు మడ్డి లేచి నా చేతిచుట్టూ తిరిగేది. పీకింది ప్లాస్టిక్ డబ్బాలో వేస్తే, నీళ్ళల్లో జుట్టులాగా ఉన్నది బయట చీమిడి ముద్దలా కూలిపోయేది. ఆ వాసన చేపల వాసన కాదు. చేపల వాసన నాకు తెలుసు, వండుతాను, తింటాను. ఇది ఉతకని గుడ్డలూ, తడి చెప్పులూ, మురుక్కాలవా కలిపితే వచ్చే వాసన. ఆ పూట నేను అన్నం కలుపుకోలేకపోయాను. స్పూనుతో తిన్నాను. అదీ సగమే.

ఇసుకమీది చెత్త తీయడానికి సన్నటి పైపు ఇచ్చారు. ఒక కొస తొట్టెలో, ఒక కొస బకెట్లో. నీళ్ళు రావాలంటే మొదట నోటితో పీల్చాలట. నీళ్ళు పైపులో సగం దాకా వచ్చాయని కనిపించగానే తీసేయాలట. ఈయన పక్కనే నిలబడి, "పీల్చు, పీల్చు, వస్తోంది, ఇంకొంచెం, ఆఁ, ఇంకొంచెం," అంటున్నారు. నేను కళ్ళు మూసుకుని పీల్చాను. కళ్ళు మూసుకోవడమే నేను చేసిన తప్పు. నోరు నిండిపోయింది. ఉప్పుతో పాటు ఏదో మెత్తటిది, సన్నటిది నాలుకమీద కదిలినట్టు తోచింది. కదిలిందో లేదో ఇప్పటికీ తెలియదు. సింకుదాకా వెళ్ళేలోపే కక్కేశాను. ఆ మధ్యాహ్నమంతా పళ్ళు తోముకుంటూనే ఉన్నాను. ఈయన బత్తాయి రసం తెచ్చి ఇస్తే, ఆయన వేళ్ళ ఘాటు తగిలిన ఆ గ్లాసు అంచు నాకా రోజు అమృతంలా ఉంది.

ఆ తర్వాత నొక్కితే నీళ్ళు లాగే రబ్బరు బుడ్డి దొరుకుతుందని తెలిసింది. ముందే ఎందుకు చెప్పలేదని షాపతన్ని అడిగితే, "అందరూ నోటితోనే లాగుతారు మేడం, అలవాటైపోతుంది," అన్నాడు.

ఇక నురగ డబ్బా సంగతి. తొట్టె వెనక ఒక గొట్టం ఉంటుంది. అది నీళ్ళల్లో సన్నటి బుడగలు పుట్టిస్తుంది. నీళ్ళలోని జిడ్డూ మురికీ ఆ నురగకి అంటుకుని పైకెక్కి, పైనున్న కప్పులో చిక్కటి గోధుమరంగు కషాయంలా దిగుతుంది. చూడ్డానికి అచ్చం ఫిల్టర్‌లో దిగిన కాఫీ డికాషన్. ఆ కప్పు మూత తీసిన నాడు నాకు పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ గుర్తుకు రాలేదు. చేపలు విసర్జించిందీ, కుళ్ళిందీ, చచ్చిందీ అంతా వడకట్టి చిక్కబరిచి ఒక కప్పులో పోసి మీ ముక్కు కింద పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అది రెండు రోజులకోసారి కడగాలి.

ఒకరోజు ఆ కప్పూ, తొట్టెలోంచి తీసిన నీళ్ళ బకెట్టూ వరండాలో పెట్టి నేను స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి రెండూ ఖాళీ.

"అత్తయ్యా, ఆ నీళ్ళేవి?"

"మొక్కలకి పోశానమ్మాయ్. చేపలు కడిగిన నీళ్ళు మొక్కలకి ఎంత బలమో నీకేం తెలుసు?"

"అవి ఉప్పునీళ్ళత్తయ్యా!"

బాల్కనీలో కరివేపాకు చెట్టు వారం తిరక్కుండా ఎండిపోయింది. తులసికోటలో తులసి కూడా వాలిపోయింది. ఆవిడ దానికి బాధపడి ఒక పూట అన్నం మానేసింది. తులసి మొదట్లోంచి మాత్రం ఆ కప్పు వాసన ఇంకా వస్తూనే ఉంది. పొద్దున్నే దండం పెట్టుకోవడానికి వెళ్ళి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాల్సిన ఖర్మ పట్టింది మాకు.

నేనెంత పీకినా పాచి పెరుగుతూనే ఉంది. ఆకుపచ్చది కొంత తగ్గితే, ఈసారి ఎర్రది వచ్చింది. ఇసుకమీద, రాళ్ళమీద, దుప్పటి పరిచినట్టు, ముదురు ఎరుపు. కాగిన పాలమీద మీగడ లాగితే అట్టకట్టి వస్తుంది చూడండి, అలా వచ్చేది. దాని అడుగున గాలిబుడగలు. పుండుమీది పొరలా ఉండేది. తెల్లారి లాగేస్తే సాయంత్రానికి మళ్ళీ పరుచుకునేది. షాపతను వచ్చి చూసి, "మేత ఎక్కువవుతోంది మేడం, ఎంతేస్తున్నారు?" అని అడిగాడు. చిటికెడే వేస్తున్నానని చెప్పాను. నమ్మలేదు. నిజం నాకు మాత్రం ఏం తెలుసు?

తెలిసింది ఒక శనివారం. పొద్దున్నే హాల్లోకి వస్తే అత్తగారు తొట్టె ముందు పీటేసుకుని నిలబడి, గుప్పిట్లోంచి అటుకులు జారవిడుస్తోంది. పెదవులు కదులుతున్నాయి, ఏదో జపం. పక్కన స్టూలుమీద బ్రెడ్డుముక్క, నానబెట్టిన శనగపప్పు.

"ఏంటత్తయ్యా ఇది!"

ఆవిడ తుళ్ళిపడలేదు. చేతిలోవన్నీ వదిలేశాకే ఇటు తిరిగింది.

"నోరులేని జీవాలు. నువ్వు పెట్టే ఆ ఇసకరేణువంత మేత వాటి పంటికిందికైనా వస్తుందా? టీవీలో పంతులుగారు చెప్పారు, చేపలకి మేతేస్తే ఇంట్లో మగవాళ్ళకి గండాలు పోతాయని. వాడి బీపీ ఏమైనా దిగిందా నీ మాత్రలకి?"

"ఎన్నాళ్ళనుంచి వేస్తున్నారు?"

"అవొచ్చిన కాణ్ణుంచి."

నేను నెలల తరబడి గీకుతున్నది ఈవిడ పుణ్యమన్నమాట. మాటామాటా పెరిగింది. ఇంట్లో నిప్పు రాజేస్తున్నది నువ్వంటే నువ్వని అనుకున్నాం. సాయంత్రం ఈయన వస్తే ఇద్దరం ఫిర్యాదు చేశాం. ఆయన తొట్టెవైపు చూస్తూ, "మీరిద్దరూ ఇలా అరుచుకుంటే నాకు బీపీ పెరుగుద్ది," అని లేచి వెళ్ళిపోయారు. అటుకుల డబ్బా నేను పై అరలో పెట్టాను. ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అటుకులు ఆగినా పాచి ఆగలేదు. అప్పుడే ఈయనకి ఇంకో ఆలోచన వచ్చింది. కొన్న ఉప్పు పడట్లేదేమో, అసలు సముద్రమే దగ్గర్లో ఉండగా ఉప్పు కొనడమేంటి, వాడరేవు వెళ్ళి నీళ్ళు తెచ్చుకుందాం అన్నారు. ఆదివారం కారు డిక్కీలో క్యాన్లు వేసుకుని వెళ్ళాం. ఒడ్డునిండా జనం. ఒకవైపు ఇసకమీద చేపలు ఎండబెట్టారు. కారు దిగగానే ఆ గాలి గొంతులోకి వెళ్ళి కూర్చుంది. నీళ్ళ అంచున చిప్స్ కవర్లు, కొబ్బరి బొండాలు, ఎవరో పిల్లాడి డైపరు అలకి ముందుకొస్తూ వెనక్కిపోతూ ఉన్నాయి. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాళ్ళలోతు దిగి క్యాను ముంచుతున్నాను. ఎండుచేపలు తిరగేస్తున్న ఒకావిడ చూసి గట్టిగా అరిచింది.

"ఏవమ్మోయ్, నీళ్ళెందుకూ?"

"ఇంట్లో చేపలకండీ."

"అక్కడియ్యి పట్టమాకు తల్లా! పొద్దున చేపల పేగులన్నీ అక్కడే కడిగాం!"

కిందికి చూస్తే నా కాలిమీద తెల్లటిది ఏదో అతుక్కుని ఉంది. చూడదలుచుకోలేదు. తన్నేసుకుని ఇంకా ముందుకి పోయి, నడుములోతులో నింపాం. ఇంటికి తెచ్చి బాల్కనీలో పెట్టాం. కొంచెం వాడి, మిగతాది తర్వాత పోద్దామని ఉంచాం. మార్చి ఎండకి ఆ క్యాన్లలో ఏం పుట్టిందో, ఏం చచ్చిందో, మూత తిప్పగానే కుళ్ళిన కోడిగుడ్ల వాసన బుస్సుమంది. బాత్‌రూములో పారబోశాను. ఆ వారమంతా బాత్‌రూములోకి వెళ్ళాలంటే ఊపిరి బిగబట్టి వెళ్ళాం.

ఆ తొట్టె బతుకులో అసలు ఘోరం మే నెలలో జరిగింది.

నరసరావుపేటలో దగ్గరివాళ్ళ పెళ్ళి. ముగ్గురం వెళ్ళి రెండు రాత్రులు ఉండి వచ్చాం. ఎండలు మండిపోతున్నాయి. తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే ఎదురింటావిడ తలుపు తీసి, ముక్కుకి పైటకొంగు అడ్డం పెట్టుకుని అంది.

"వచ్చారా అండీ! మీ ఇంట్లో ఎలుకేదో చచ్చినట్టుందండీ. నిన్న మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు, ఇందాకే వచ్చింది."

తాళం తీశాం. తలుపు తెరవగానే ఆ వాసన మామీద పడింది. ఎదురుగా వచ్చి ముఖంమీద కొట్టినట్టే. అత్తగారు "హరి హరీ" అంటూ గోడ పట్టుకుంది. తొట్టెలో నీళ్ళు లేవు, గంజి ఉంది. పాలుపోసి కలిపినట్టు తెల్లగా మబ్బుపట్టి, పైన నూనెతెట్టు, తెట్టులో నురగ. సముద్రపు పువ్వు రాతిని వదిలేసి, ఉడికిన అన్నం మెతుకు నలిగినట్టు నలిగి, తాళ్ళుతాళ్ళుగా కరిగిపోతోంది. ఆ తాళ్ళమీద నీలం చేప వెల్లకిలా పడి ఉంది, కళ్ళు తెల్లబడ్డాయి. ఇసుకలోంచి పురుగులు బయటికొచ్చాయి. అవి లోపల ఉన్నాయని కూడా నాకు తెలియదు. జెర్రుల్లాంటివి, ఒంటినిండా ముళ్ళవెంట్రుకలు, చచ్చినదాన్ని తింటున్నాయి. గాజుకి అంటుకుని మెత్తబడ్డ అటుకులు.

అటుకులు. చాలా.

మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. "తీసి పారేయ్. అంతా పారేయ్," అన్నారు. అంతలోనే, "ఆగు, అది బతికుందే!" అని అరిచారు. చారల చేపల్లో ఒకటి పైన ఒక మూల మూతి బయటపెట్టి గాలి మింగుతోంది. రెండోది ఎక్కడా కనబడలేదు.

పెద్ద అన్నం గిన్నెలో ఉప్పుపొడి కలిపి నీళ్ళు సిద్ధం చేశాను. జల్లెడతో చేపని తీసి అందులో వేశాను. కరెంటు వచ్చినా, తొట్టెకి గాలికొట్టే చిన్న మోటారు పనిచేయడం లేదు. అప్పుడు ఈయన వంటింట్లోంచి రెండు క్యారీబ్యాగులు తెచ్చుకుని రెండు చేతులకీ తొడుక్కుని, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నారు. చెంబుతో గిన్నెలో నీళ్ళు ముంచి పైనుంచి సన్నటి ధారగా మళ్ళీ గిన్నెలోకే పోయడం మొదలుపెట్టారు, కాఫీ చల్లార్చినట్టు. గాలి కలవాలని. పోస్తూనే ఉన్నారు. పెళ్ళిబట్టలు కూడా మార్చుకోలేదు.

తొట్టె పని నాది. ముక్కుకి తువాలు కట్టుకుని, బకెట్టు దగ్గర పెట్టుకుని చేయి ముంచాను. సముద్రపు పువ్వుని పట్టుకుంటే చేతిలో నిలవలేదు. వేళ్ళసందుల్లోంచి జారి, మళ్ళీ నీళ్ళలో పడి, ఇంకొంచెం విడిపోయింది. మూడోసారికి నేను పక్కకి తిరిగి కక్కాను. బకెట్లోనే. మళ్ళీ చేయి పెట్టాను. పురుగొకటి వేలికి తగిలి గాజుపీచు గుచ్చుకున్నట్టు సన్నటి ముళ్ళు దిగాయి. తొడుగు చిరిగిందని అప్పుడు చూసుకున్నాను. కోపమూ ఏడుపూ అసహ్యమూ ఏది ఏదో తెలియకుండా వస్తున్నాయి.

పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించి చూస్తే అత్తగారు. పట్టుచీర మార్చి పాత నేతచీర కట్టుకుంది, కొంగు నడుముకి బిగించింది. నావైపు చూడకుండా అడిగింది.

"నేనే చంపానా అమ్మాయ్?"

నేను చిరిగిన తొడుగు విప్పుకుంటున్నాను.

"రెండ్రోజులు ఎవరూ ఉండం, ఆకలికి మాడిపోతాయేమోనని... మీరు కారు దగ్గరికి వెళ్ళాక డబ్బా తీసి పోశాను. సగం డబ్బా. ఎక్కువైపోతుందని నాకు తెలవదు. వాడి కోసమే వేశాను."

నెలల కోపం నా నాలుకమీద సిద్ధంగా ఉంది. అవును మీరే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అది నిజం కూడా, సగానికి. గిన్నె దగ్గర ఈయన చేతులు ఆగాయి. వింటున్నారు.

"కరెంటు పోయిందత్తయ్యా," అన్నాను. "ఈ ఎండకి నీళ్ళు కాగిపోయాయి. అటుకులొక్కటే కాదు."

ఆవిడ ఆ మాట నమ్మిందో, నేను కాపాడుతున్నానని గ్రహించిందో నాకు తెలియదు. తలూపి, కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టి, ఉత్త చేతులు రెండూ తొట్టెలోకి దించేసింది. తొడుగు లేదు, తువాలు లేదు. చచ్చిన చేపని దోసిట్లోకి తీసుకుని, "అయ్యో నా తండ్రీ," అని పక్కన పెట్టింది. నేను పట్టుకోలేకపోయిన ఆ జావని పళ్ళెంతో అడుగునుంచి ఎత్తి, తొణక్కుండా బకెట్లో వేసింది. రెండో చారల చేప రాళ్ళ వెనక దొరికింది. దాన్ని నాకు చూపించకుండా గుడ్డలో చుట్టేసింది.

"మీకు రోత పుట్టట్లేదా అత్తయ్యా?"

"ఎందుకు పుట్టదూ? కడుపులో దేవుతోంది. మాట్లాడించమాకు నన్ను."

సాయంత్రం దాకా ఎత్తిపోశాం. రాళ్ళు కడిగాం, ఇసుక పారబోశాం, గాజు తోమాం. బాల్కనీలో గాలికి కూర్చుని ఇద్దరం పెళ్ళివాళ్ళిచ్చిన లడ్డూలవైపు చూశాం. ఇద్దరికీ సయించలేదు. గిన్నెలో చేప మాత్రం అప్పటికి అడుగుకి దిగి ఈదుతోంది. ఈయన చేతులకి కవర్లతోనే సోఫాలో వెనక్కి వాలి నిద్రపోయారు.

తొట్టె తీసేద్దామా అని అడిగితే బాగుండేదేమో. ఎవరూ అడగలేదు. ఒక్క చేప మిగిలింది, దాన్నెక్కడ పెడతాం? మళ్ళీ నింపాల్సిందే. కాని ఈసారి నాకు పట్టుదల వచ్చింది. మేత తప్పు, కరెంటు తప్పు, సరే. ఆ మేత ఆగిన తర్వాత కూడా పాచి ఎందుకు పెరిగింది? నీళ్ళని పరీక్షచేసే సీసాలు తెప్పించాను. అన్నిటికన్నా ముందు, ఉప్పు కలపకముందు మా కుళాయి నీళ్ళనే పరీక్షించాను. చుక్కలు వేసి ఊపి పెడితే, నీళ్ళల్లో ఎరువుల తాలూకు నైట్రేటు లేకపోతే పసుపురంగు ఉండాలి. అది నారింజకి తిరిగి, చూస్తుండగా పండుమిరపకాయ ఎరుపుకి వచ్చింది.

మా అపార్ట్‌మెంటు ఊరి చివర, ఒకప్పటి పత్తిచేలల్లో కట్టింది. బోరు నీళ్ళే వాడతాం. నేను ప్రకాశం జిల్లా మిరప రైతు కూతుర్ని. బస్తాలకి బస్తాలు యూరియా చేలల్లో చల్లుతుంటే చూసినదాన్ని. అది చేనే తింటుందనుకున్నాను. తినగా మిగిలింది భూమిలోకి దిగి, బోరులోంచి పైకొచ్చి, మా హాల్లో పాచికి ఎరువైంది. పాచి సంగతి పక్కనబెడితే, ఇన్నేళ్ళూ మేం ఆ నీళ్ళతోనే పళ్ళు తోముకున్నాం, బియ్యం కడిగాం. ఆ ఎర్రటి సీసా పట్టుకుని వంటింట్లో నిలబడితే నాకు తొట్టెకన్నా నా ఒంటిమీదే అసహ్యం వేసింది.

వంటింటి ఫిల్టరు లోపలి భాగాలు కొత్తవి వేయించి, ఆ నీళ్ళతోనే తొట్టె నింపాను. ఎర్రపాచి మళ్ళీ తలెత్తితే తొట్టెమీద నల్లదుప్పటి కప్పి కొన్నాళ్ళు లైటు వేయకుండా ఉంచాను. వెలుతురు లేక అది చచ్చింది. చచ్చి కుళ్ళినదాన్ని మళ్ళీ నేనే తీశాను. ఆకుపచ్చది తినడానికి నత్తలు తెచ్చి వేశాం. అవి తింటాయి, నిజమే. తిని ఎక్కడికి వెళ్తాయి? అక్కడే, ఆ ఇసుకమీదే, సన్నటి సేమియాముక్కల్లా వదులుతాయి. దాన్ని రబ్బరు బుడ్డితో లాగేది నేను. మేత వేసేది అత్తగారే. పొద్దున నేను చిటికెడు చేతిలో పెడితే, అదే జపం చేసుకుంటూ వేస్తుంది. "ఇంత పిసినారిదానివి నీకు పుణ్యమేం వస్తుంది," అని రోజూ అంటుంది. కరెంటు పోతే నడిచే బ్యాటరీ మోటారు ఈయన తెచ్చి పెట్టారు.

గాజు ఇప్పుడు తేటగా ఉంటుంది. ఆ ఒక్క చేపకి జత తెచ్చాం. సముద్రపు పువ్వుని మాత్రం గుమ్మం తొక్కనివ్వనన్నాను. ఈయన బీపీ మాత్రలు తగ్గలేదు, డాక్టరు గారు ఇంకొకటి కలిపారు. అయినా సాయంత్రాలు ఫోను లోపల పెట్టి వచ్చి కూర్చుంటారు.

నాకు అలవాటవుతుందని అందరూ అన్నారు. కాలేదు. ఆదివారం పొద్దున కడుపులో ఏమీ పడకముందే ఆ పని చేస్తాను, పడ్డాక చేస్తే నిలవదు కాబట్టి.

మొన్నామధ్య మా ఆడపడుచు ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. "వదినా, వీడియోలో మీ అక్వేరియం ఎంత బాగుందో! మేమూ ఒకటి పెట్టుకుందామనుకుంటున్నాం," అంది. ఆదివారం పొద్దున్నే రమ్మన్నాను. వచ్చింది. నేను నురగ డబ్బా విప్పుతుంటే ముచ్చటగా ముందుకి వంగింది. మూత తీశాను. ఆవిడ ముఖం ఒక్కసారి పాలిపోయింది, చేయి నోటికి అడ్డం పెట్టుకుని వాష్‌బేసిన్‌వైపు పరుగెత్తింది. అత్తగారు పీటమీంచి లేవకుండానే కూతురి వెనక నుంచి కేకేసింది.

"ఏమ్మా, పెట్టుకుంటావా? కావాలంటే ఇదే పట్టుకుపో!"

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆడపడుచు చేపల పులుసు వేసుకోలేదు. వెళ్తూ వెళ్తూ, వాళ్ళింటి హాల్లోకి చేపలు ఈదుతున్నట్టు కనబడే లైట్ల ఫోటో ఒకటి చూశానని, అదే కొంటానని చెప్పి బస్సెక్కింది.